లైట్లార్పే చెయ్యి

హపుతలే ఊరికి పైన, తేయాకు కొండ అంచున ఉన్న ఆ ఇంటి ముంగిట్లో ఎండ హాయిగా కాస్తోంది. జస్టిన్ బాస్ మోరిస్ మైనర్ కారు బానెట్ ఎత్తి, నడుము దాకా లోపలికి వంగాడు. అక్కడ బాస్ అంటే మేస్త్రీ అని. చుట్టుపక్కల పది ఊళ్ళకి కార్ల కరెంటు పనిలో అతన్ని మించినవాడు లేడు. పక్కనే ఇంటావిడ యసవతి పాలులేని టీ కప్పు పట్టుకుని నిలబడింది. టీ చల్లారిపోయినా ఆవిడ తాగలేదు.

"అక్కా, ఇంకోసారి అడుగుతున్నా," అన్నాడు జస్టిన్ బాస్, తల బయటికి పెట్టకుండానే. "ఈ డైనమో తీసేశాక మళ్ళీ పెట్టమంటే నావల్ల కాదు."

"పెట్టమనే మనిషి పోయాడుగా. తియ్యి."

"పోయినవాళ్ళు ఊరుకుంటారా అని..."

"నీకు పని కావాలా, కబుర్లు కావాలా బాస్?"

అతను నవ్వి రెంచి అందుకున్నాడు.

ఈ డైనమో సంగతి చెప్పకపోతే యసవతి కోపం ఎవరికీ అర్థం కాదు. పాతకాలం కార్లలో బాటరీకి కరెంటు నింపేది ఇదే. ఇంజన్ జోరుగా తిరిగినంతసేపే ఇది పనిచేస్తుంది. బండి నెమ్మదించిందంటే ఇదీ కునుకు తీస్తుంది, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఇక లైట్లూ వైపర్లూ అన్నీ కలిసి బాటరీని తింటాయి. ఎండ కాసే ఊళ్ళలో దీంతో బతకొచ్చు. హపుతలేలో మధ్యాహ్నం మూడు దాటిందంటే మంచు లోయలోంచి లేచి రోడ్డెక్కుతుంది. పట్టపగలే లైట్లు వెయ్యాలి, వానకి వైపర్లు తిప్పాలి, మలుపు మలుపుకీ బండి నెమ్మదించాలి. అందుకే డైనమో బళ్ళు నడిపేవాళ్ళకి ఒక అలవాటు. బండి ఆగడం ఆలస్యం, చెయ్యి దానంతటదే వెళ్ళి లైట్ల మీట కిందికి నొక్కేస్తుంది. బాటరీ మిగలాలి కదా.

యసవతి మొగుడు అబేసేనకి అది అలవాటు కాదు, జబ్బు. రైల్వే గేటు దగ్గర ఆర్పేవాడు, మలుపులో ఆర్పేవాడు, ఎదురుగా బండి వస్తుంటే కూడా ఆర్పేవాడు. ఇంట్లోనూ అంతే, మనిషి గదిలోంచి బయటికి రాకముందే బల్బు ఆరిపోయేది. ఊరంతా చెప్పింది, జపాన్ కార్లలో వచ్చే ఆల్టర్నేటర్ పెట్టించుకో, బండి నిలబడి ఉన్నా కరెంటు ఇస్తుంది, ఒక్క పూట పని అని. "తెల్లవాడి బండికి జపాను వాడి గుండె పెట్టమంటారా?" అనేవాడు. డైనమోని తనే విప్పి, తనే తీగ చుట్టి, లక్క పూసి, పసిబిడ్డకి నీళ్ళు పోసినంత ముద్దుగా తుడిచి పెట్టుకునేవాడు. దాని బెల్టులో పడి బొటనవేలి గోరు ఊడిపోయినా మానలేదు.

పన్నెండేళ్ళ కిందట, డిసెంబరు వానల్లో, ఆరేళ్ళ కొడుకు కసున్‌కి ఆయాసం వచ్చింది. ఇదే కారులో ఆసుపత్రికి బయలుదేరారు. సగం దారిలో మంచు కమ్మింది. అబేసేన ఆగిన ప్రతిచోటా లైట్లార్పుతూ, బాటరీ మిగుల్చుతూ నడిపాడు. మిగిల్చింది ఏమీ లేదు. ఒక మలుపులో ఇంజన్ దగ్గి ఆగిపోయింది, మళ్ళీ తిరగలేదు. ఆ మంచులో గంటన్నర దాకా ఏ బండీ రాలేదు. యసవతి ఒళ్ళో కసున్ ఊపిరి కోసం ఎగబీల్చి ఎగబీల్చి, చివరికి మానేశాడు.

ఏడో రోజు, భిక్షువులకి అన్నం పెట్టే దానానికి వచ్చినవాళ్ళ ముందు అబేసేన అన్న మాట ఇది: "తప్పు బాటరీది. డైనమోకి ఏ లోపమూ లేదు."

ఆ తర్వాత పన్నెండేళ్ళు యసవతి అతనికి అన్నం వడ్డించింది గాని, అతనితో మాట్లాడింది లేదు. మూడు నెలల కిందట అబేసేన షెడ్డులో డైనమో ముందు కూర్చుని, చేతిలో లక్క బ్రష్షుతోనే పక్కకి ఒరిగిపోయాడు. మూడో నెల దానం మొన్ననే జరిగింది. భిక్షువులు సూత్రాలు చదువుతుంటే ఇంటివాళ్ళంతా ఒకే కూజా మీద చేతులు వేసి, కప్పు నిండి పొర్లేదాకా నీళ్ళు పోసి, పోయినవాడికి పుణ్యం ధారపోయాలి. కూతురు సుజీవ చెయ్యి వేసింది, మరుదులు వేశారు. యసవతి చెయ్యి వెనక్కి తీసుకుంది. పెద్ద భిక్షువు చూశాడు.

"అమ్మా, భార్య ఇవ్వని పుణ్యం సగమే చేరుతుంది. మనసు దేనిమీదో ఉండిపోయినవాడు, ఆ పుణ్యం చేతికి అందక ఇక్కడే తిరుగుతాడు."

"తిరగనివ్వండి స్వామీ. నా కొడుకు కోసం నేను తిరగట్లేదా?" అంది యసవతి.

దానం గిన్నెలు తోమి బోర్లించిన మర్నాడే జస్టిన్ బాస్‌కి కబురు పంపింది. సుజీవకి తొమ్మిదో నెల వస్తోంది. అల్లుడు ఓడ మీద ఉద్యోగానికి పోయాడు. పెద్దాసుపత్రి దిగువన బదుల్లలో ఉంది, ఇరవై అయిదు మైళ్ళు. వానాకాలంలో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఈ కొండ మీది నుంచి ఇంకో బిడ్డని చీకట్లో పోగొట్టుకోనని ఆవిడ పంతం పట్టింది.

జస్టిన్ బాస్ పని మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. డైనమో ఊడింది. దాని చోట ఆల్టర్నేటర్ కూర్చుంది. బాటరీ తీగలు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఈ పాత తెల్లవాళ్ళ బళ్ళకి అంతా తిరకాసు, ప్లస్సు తీగ బాడీకి కలుపుతారు, దాన్ని తిరగేస్తేగాని కొత్త సామాను బతకదు. బెల్టు బిగించి, ఇంజన్ తిప్పాడు. లైట్లేశాడు, వైపర్లేశాడు, హీటరు వేశాడు. ఇంజన్ మెల్లగా గుర్రుమంటోంది. లైట్లు మటుకు చెక్కు చెదరలేదు, తెల్లగా వెలుగుతున్నాయి. ఎర్ర దీపం రానే లేదు.

యసవతి ఆ లైట్ల వంక చూసింది. చూస్తూ చూస్తూ మొహం ఎర్రబడింది.

"ఎంతసేపు పట్టింది బాస్?"

"మూడు గంటలక్కా. నాలుగనుకో."

"నాలుగు గంటల పని," అంది యసవతి. బానెట్ మీద అరచేత్తో చరిచింది. "నాలుగు గంటల పని. దీనికి ఒప్పుకోక నా బిడ్డని చంపేశాడు."

జస్టిన్ బాస్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అప్పుడే, టప్‌మని, లైట్లారాయి.

"ఆర్పావేం అక్కా, బాగానే వెలుగుతున్నాయిగా, ఉంచెయ్యొచ్చు," అన్నాడతను.

"నేనార్పానా? నువ్వార్పలేదూ?"

ఇద్దరూ కారు బయటే ఉన్నారు. జస్టిన్ బాస్ కిటికీలోంచి తల దూర్చి చూశాడు. లైట్ల మీట కిందికి దిగి ఉంది. మీట వదులై ఉంటుందని గొణిగి, పైకెత్తి, రెండుసార్లు వేసి ఆర్పి చూశాడు. గట్టిగానే ఉంది. మెళ్ళోని శిలువ తడుముకుని, టీ కూడా తాగకుండా సైకిలెక్కాడు.

డైనమోని యసవతి ఈడ్చుకెళ్ళి పెంటకుప్ప మీద పారేసింది.

తర్వాత రెండు వారాల్లో అది మరో మూడుసార్లు జరిగింది. సంతలో ఒకసారి, గుడి ముందు ఒకసారి, సొంత గుమ్మంలో ఒకసారి. బండి ఆగడం, లైట్లారడం. తన చెయ్యే పాత అలవాటు కొద్దీ నొక్కిందేమో అనుకుంది. ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి పక్కన కూర్చున్నదాయె. మూడోసారి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుంది. మీట ఆవిడ కళ్ళెదుటే కిందికి దిగింది. కారంతా సన్నగా లక్క కాలిన వాసన.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈ మనిషికి పుడకలతో కూడా పోలేదు. యసవతికి భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ భయం కన్నా ముందు కోపం వచ్చింది. భయం దాని వెనకాల నిలబడి తన వంతు కోసం చూసుకుంది.

సుజీవకి చెప్పలేదు. పెద్ద భిక్షువు దగ్గరికీ పోలేదు. "పుణ్యం కావాలంటే వాడే వచ్చి అడగనీ," అని మనసులో అనుకుంది. ఆ ఒక్క మాట అనుకోకుండా ఉండాల్సింది.

మూడు వారాల ముందే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం మూడున్నర. పొద్దుట్నుంచీ వాన. కొండ విరిగిపడి బస్సు దిగువ దారిలోని బండారవేల నుంచి పైకి రాలేదు, మట్టి తీశారుగాని చిన్న బళ్ళకే దారి అని పాలవాడు చెప్పాడు. మంచు అప్పటికే పెరటి జామచెట్టుని మింగేసింది. యసవతి కూతుర్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, ఇంజన్ తిప్పింది. లైట్లేసింది.

"అమ్మా, మెల్లగా..."

"మెల్లగానే. నువ్వు ఊపిరి తీసుకో."

మొదటి రెండు మైళ్ళూ బాగానే సాగాయి. లైట్లు మంచులో రెండు తెల్లటి బాటలు వేశాయి. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. తడిసిన తేయాకు వాసన, హీటరు లోంచి వెచ్చటి దుమ్ము వాసన. సుజీవ పెదవి కొరుక్కుని కళ్ళు మూసుకుంది.

రైల్వే గేటు వేసి ఉంది.

యసవతి బ్రేకు నొక్కింది. బండి ఆగింది.

టప్.

అంతా తెల్లగా అయిపోయింది. గేటు లేదు, రోడ్డు లేదు, బానెట్ చివర కూడా లేదు. వైపర్లు మాత్రం ఆ తెలుపుని తుడుస్తున్నాయి.

"లైట్లెందుకార్పావమ్మా?"

"పొరపాటున తగిలింది," అంది యసవతి. మీట పైకెత్తింది. వెలుగొచ్చింది.

టప్.

మళ్ళీ ఎత్తింది.

టప్... ఈసారి వేలు తియ్యకముందే. వేలి కింద మీట తోసుకుంటూ దిగింది.

రైలు పోయింది, కనిపించలేదు, చప్పుడు మటుకే. గేటు లేచింది. మలుపులు మొదలయ్యాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ప్రతి మలుపులో బండి నెమ్మదించాలి. నెమ్మదించగానే టప్. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గేరు, మూడో చెయ్యి ఎక్కడిది ఆవిడకి? లైట్లు ఆరడం, వెలగడం, ఆరడం... ఒక మలుపులో ఆరినప్పుడు ఎదురుగా తేయాకు లారీ వచ్చింది. హారను చెవి పక్కనే మోగింది. యసవతి స్టీరింగు కొండ వైపు లాగింది. లారీ అద్దం వీళ్ళ అద్దాన్ని రాసుకుంటూ పోయింది. లారీ డ్రైవరు తిట్టిన తిట్టు సగం మంచులో పడిపోయింది.

"సుజీ, ఆ మీట పట్టుకో. పైకెత్తి పట్టుకో. ఏమైనా వదలకు."

సుజీవ చెయ్యి చాచి పట్టుకుంది. లైట్లు నిలిచాయి. ఒక మలుపు దాటారు. ఇంకోటి దాటారు. నొప్పి వచ్చినప్పుడల్లా సుజీవ మూలుగుతోంది గాని చెయ్యి తియ్యలేదు.

లక్క వాసన ముదిరింది. గొంతులో మసిలా పట్టుకుంది.

"అమ్మా..."

"ఏంటమ్మా?"

"వెనక ఎవరైనా కూర్చున్నారా?"

"లేరు. రోడ్డు చూడు."

"మరి నా చెయ్యి మీద... ఇంకో చెయ్యుంది."

యసవతి పక్కకి చూడలేదు. చూస్తే రోడ్డు పోతుంది.

"కనబడట్లేదమ్మా. కానీ ఉంది. చల్లగా ఉంది..." సుజీవ గొంతు గుసగుసైపోయింది. "బొటనవేలికి గోరు లేదు... నాన్న చెయ్యమ్మా. మెల్లగా నొక్కుతున్నాడు. నాకు నొప్పి పుట్టకుండా... మెల్లగా..."

టప్.

యసవతి బండిని కొండ వారకి తీసి ఆపేసింది. లోపల చీకటి, బయట తెలుపు. పన్నెండేళ్ళుగా గొంతులో దాచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"నీకు సిగ్గు లేదూ?" అంది చీకటితో. అరవలేదు, పళ్ళ మధ్య నుంచి అంది. "ఒకణ్ణి తిన్నావు, చాల్లేదూ? ఇంకా ఏం మిగుల్చుదామని? ఎవరికోసం? డైనమో లేదిక్కడ. పీకించేశాను. పెంటకుప్ప మీద పారేశాను. అయిపోయే బాటరీ కాదిది. విన్నావా? నీ అవసరం ఈ బండికి లేదు."

వెనక సీటు స్ప్రింగు, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు, కిర్రుమంది.

యసవతి కిందికి వంగింది. అతను ఈ బండి కింద దూరినప్పుడల్లా టార్చి పట్టుకుని నిలబడ్డది ఎవరు? ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆవిడ చేతులకి తెలుసు. డాష్‌బోర్డు వెనక్కి చెయ్యి దూర్చి, మీట వెనకున్న తీగలన్నీ పట్టి లాగింది. నిప్పురవ్వ చిమ్మి మణికట్టు కాలింది. చెయ్యి తియ్యలేదు. బాటరీ నుంచి వచ్చే తీగనీ లైట్లకి పోయే తీగనీ కలిపి మెలిపెట్టి, చేతిగుడ్డ చుట్టి, ముడేసింది.

లైట్లు భగ్గున వెలిగాయి.

ఇప్పుడు మీటకీ లైట్లకీ ఏ సంబంధమూ లేదు. ఎవరు నొక్కినా ఒకటే.

టప్, అంది మీట. లైట్లు చెక్కు చెదరలేదు.

టప్. టప్.

"నొక్కుకో," అంది యసవతి, గేరు వేస్తూ. "తెల్లవార్లూ నొక్కుకో."

నొక్కాడు. బండారవేల దాటేదాకా నొక్కాడు, ఆ తర్వాత దిగువ దాకా నొక్కాడు. టప్, టప్, టప్... తీగలూడిన మీట, పైకీ కిందికీ, పైకీ కిందికీ. మొదట మెల్లగా, తర్వాత గబగబా, ఆఖరికి కోపంగా. సుజీవ రెండు చెవులూ మూసుకుంది. యసవతి మాత్రం వింటూ నడిపింది. నిజం చెప్పాలంటే, పన్నెండేళ్ళలో ఆవిడకి అంత తృప్తినిచ్చిన చప్పుడు ఇంకోటి లేదు.

ఆసుపత్రి వాకిట్లో ఇంజన్ ఆపగానే చప్పుడూ ఆగింది.

ఏడు కొట్టకముందే ఆడపిల్ల పుట్టింది. చిన్నదే, కానీ గట్టి గొంతు. ఆ ఏడుపు నడవాలో నిలబడి విన్నప్పుడు యసవతి గోడకి ఆనుకుని కూలబడి, కాలిన మణికట్టు వంక చూసుకుని నవ్వింది.

రెండో రోజు, యసవతి అంతా చెప్పి పంపిన కబురందుకుని జస్టిన్ బాస్ వచ్చాడు, కొబ్బరి రొట్టెల పొట్లం పట్టుకుని. కారు చూసొచ్చానన్నాడు. మొహం అదోలా ఉంది.

"తీగలు సరిగ్గా కలిపి టేపు చుట్టాను. మంచి పని చేశావక్కా, నేనైనా అంతకన్నా చెయ్యను." గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పిన సంగతి... అరగంట కూర్చున్నాను లోపల. మీట కదల్లేదు. వాసన కూడా లేదు. కారులో ఎవరూ లేరక్కా. దిగిపోయినట్టున్నాడు."

"పీడ విరగడైంది," అంది యసవతి.

దిగినవాడు ఎటు పోయాడని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మూడో రోజుకి పాప ఒళ్ళు పసుపు తిరిగింది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలకి మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. నీలి లైటు కింద పడుకోబెట్టాలి, రెండు రోజులు ఆపకుండా ఉంచితే పసుపు విరుగుతుంది, విరక్కపోతే ఒంట్లో రక్తం మార్చాల్సి వస్తుంది అంది. పాప కళ్ళకి గంతలు కట్టి, వార్డు మూలన గాజు తొట్టిలో పెట్టి, పైన స్టాండుకి నీలి లైటు వేశారు. పాప కాళ్ళు ఆడిస్తూ కాసేపు ఏడ్చి, నిద్రపోయింది.

యసవతి సత్రంలో స్నానం చేసి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నర్సు సుజీవ మీద మండిపడుతోంది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఆర్పకూడదని చెప్పానా లేదా? నేను వెయ్యడం, అటు తిరగ్గానే మీరు ఆర్పడం. ఇది అయిదోసారి."

"నేను మంచం దిగనే లేదు," అంది సుజీవ. మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లిని చూసింది. "అమ్మా... నేను కాదమ్మా."

నర్సు విసుక్కుంటూ పోయింది. యసవతి కుర్చీ లాక్కుని తొట్టి పక్కన కూర్చుంది. లైటు స్టాండుకి ఒక చిన్న తెల్ల స్విచ్చి ఉంది. దాని మీద వేలు పెట్టింది. ఎదురుగా ఎవరూ లేరు. తొట్టి చుట్టూ మందుల వాసన, వాటి అడుగున ఎక్కడో సన్నగా లక్క వాసన.

"ఇది నీ బండి కాదు," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "ఊరందరి కరెంటు ఇది. ఎంత వాడినా ఎవరి బాటరీ అయిపోదు. దీని జోలికొచ్చావో, నీకు ఈ జన్మలో నీళ్ళు పొయ్యను. వచ్చే జన్మలోనూ పొయ్యను."

వేలి కింద స్విచ్చి ఒకసారి అదిరింది. తర్వాత ఊరుకుంది.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. యసవతి టీ తాగలేదు, పక్కకి కదల్లేదు. వేలు తిమ్మిరెక్కితే ఇంకో వేలు పెట్టింది. లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. చివరికి మాట విన్నాడు అనుకుంది. బతికుండగా వినని మాట చచ్చి విన్నాడు. ఆ ఆలోచనకి కూడా కోపమే వచ్చింది.

అయిదు గంటలకి పాప కప్పుకున్న చిన్న గుడ్డ జారి తొట్టి వెనక పడింది. యసవతి ఒక చెయ్యి స్విచ్చి మీదే ఉంచి, రెండో చేత్తో గుడ్డ తియ్యబోయి, తొట్టి వెనక్కి వంగింది.

లైటు తీగ గోడకి లేదు.

ప్లగ్గు ఊడి ఉంది. ఊడి పడిపోలేదు. తీగనంతా నాలుగు మడతలు వేసి, చివరతో నడుము చుట్టి, ప్లగ్గుని ఆ ముడిలోకి దోపి, గోడ వార నేల మీద బుద్ధిగా పెట్టి ఉంది. పని అయ్యాక తీగలు అలా చుట్టి పెట్టే మనిషి ఆవిడకి లోకంలో ఒక్కడే తెలుసు. మధ్యాహ్నం నేల తుడిచిన నీళ్ళు దాని చుట్టూ చారకట్టి ఆరిపోయాయి. అది ఇప్పుడు చుట్టింది కాదు.

యసవతి మెల్లగా తలెత్తింది.

లైటు వెలుగుతోంది. పొద్దుటి కన్నా నీలంగా, నిండుగా, చెక్కు చెదరకుండా వెలుగుతోంది.

"అమ్మా," అంది సుజీవ మంచం మీది నుంచి, గుసగుసగా. "పాప మధ్యాహ్నం నుంచీ ఏడవట్లేదేంటమ్మా?"

యసవతి తొట్టిలోకి చెయ్యి పెట్టి పాప పాదం పట్టుకుంది. అంత వెలుగు కింద ఆ పాదం మంచులో తడిసినట్టు చల్లగా ఉంది. బొటనవేలు ఒకసారి, చాలా నెమ్మదిగా, కదిలింది. పాప చిన్నగా ఊపిరి పీల్చినప్పుడు పైన లైటు కొంచెం తగ్గింది. ఊపిరి వదలగానే మళ్ళీ పెరిగింది. గోడ కరెంటు లేని ఆ లైటుకి బాటరీ ఏదో యసవతికి అప్పుడు అర్థమైంది.

ఆవిడ రెండో చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.